విచారణ గదిలో రెండో కుర్చీ

నాగమణికి రక్తమంటే రోత లేదు. ఉమ్మనీరు బూట్లలోకి కారినా, నొప్పులు పడుతున్న పిల్ల తన మీద పడి వాంతి చేసుకున్నా, ముక్కే సమయానికి బిడ్డకన్నా ముందు ఇంకేదో బయటికి వచ్చినా ఆవిడ మొహం ముడవదు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక బిడ్డ వచ్చినా పట్టాలి, పియ్యొచ్చినా పట్టాలి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ సామెతను ఇంగ్లీషులోకి దించి, తన దగ్గరికి ట్రైనింగ్‌కి వచ్చే అమెరికన్ పిల్లలకు కూడా చెబుతుంది. వాళ్ళు మొదట పగలబడి నవ్వుతారు. ఒక వారం డ్యూటీ చేశాక నవ్వడం మానేస్తారు.

అలాంటి మనిషికి ఈ ఏడాది మార్చిలో రెండు ఉత్తరాలు చదివాక అన్నం సయించలేదు. ఒకటి ఆస్పత్రి వాళ్ళు రాసింది. రెండోది సొంత సంఘం వాళ్ళు రాసింది. మొదటిదాన్ని ఎలాగో దిగమింగింది గానీ రెండోది గొంతు దిగలేదు.

నాగమణి పుట్టింది పాలకొల్లులో. తండ్రి ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు. ఏలూరులో నర్సింగ్ చదివి, ఇరవై ఎనిమిదో ఏట ఏజెన్సీ ద్వారా న్యూజెర్సీ వచ్చింది. భర్త దత్తాత్రేయ పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేస్తాడు. ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకి రెండు వీధుల అవతల వాళ్ళ ఇల్లు. ఎనిమిదేళ్ళు ప్రసవాల వార్డులో నర్సుగా చేశాక, డాక్టర్లు బిడ్డను బయటికి లాగే తొందర చూసి విసుగెత్తి, ఇంట్లో పిల్లను, వంటను, డ్యూటీలను నెట్టుకొస్తూనే మిడ్‌వైఫ్ చదువు పూర్తిచేసింది. పధ్నాలుగేళ్ళలో పదమూడు వందల పైచిలుకు పురుళ్ళు పోసింది.

మిడ్‌వైఫ్ అంటే ఇక్కడ మాస్టర్స్ డిగ్రీ చేసి, లైసెన్సు తెచ్చుకుని, తన పేరు మీద పురుడు పోసే మనిషి. ఈ ముక్క మనవాళ్ళ బుర్రకెక్కించలేక ఆవిడ నోరు నొప్పెట్టింది. చీరల కొట్లో ఎదురుపడినవాళ్ళు, "మీరు నర్సే కదండీ? డాక్టరు రారా మరి?" అంటారు. నాలుగడుగులు వెయ్యగానే వెనక నుంచి మంత్రసాని అన్న మాట వినిపిస్తుంది. అదే నోటితో, కూతురికి నొప్పులు మొదలైన రోజు మొదటి ఫోను ఆవిడకే చేస్తారు. నాగమణి ఎత్తుతుంది కూడా. ఎత్తినందుకు తనను తాను తిట్టుకుంటూ కారు తీస్తుంది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ప్రణీత అనే అమ్మాయి నొప్పులతో ఆస్పత్రికి వచ్చింది. తొలిచూలు. భర్త హర్షవర్ధన్ సాఫ్ట్‌వేర్. పురుటికి సాయంగా విజయవాడ నుంచి అత్తగారు రాధారాణి వచ్చి ఉంది. ముప్ఫై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో తప్పులు దిద్దే అలవాటు ఇంకా పోలేదు. నొప్పులు నెమ్మదిగా, ఒక పద్ధతిలో సాగుతున్నాయి. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. నాగమణి మంచం పక్కన స్టూలు వేసుకుని, ప్రణీత నడుము రాస్తూ కూర్చుంది. ఆవిడ పనిలో సగం అదే, కూర్చోవడం.

మూడింటికి రాధారాణి ఫోను పట్టుకుని దగ్గరికొచ్చింది.

"నాగమణీ, సిద్ధాంతిగారు వాట్సాప్‌లో పెట్టారమ్మా. ఇక్కడి టైము ప్రకారం ఆరుంబావుకి అమావాస్య వచ్చేస్తుందిట. ఆ గడియల్లో పుడితే తండ్రికి గండం. ఈలోపు ఎలాగో కానిచ్చెయ్యి తల్లీ."

"పిన్నిగారూ, బిడ్డ బాగున్నాడు, తల్లి బాగుంది. వాడు రావాల్సినప్పుడు వాడే వస్తాడు. తొందరపెడితే అసలుకే మోసం."

"నా ఒక్కగానొక్క కొడుకమ్మా వాడు."

"ఈ అమ్మాయీ ఒకరి కన్నకూతురే కదండీ."

రాధారాణి మొహం గంటు పెట్టుకుని కొడుకు వైపు చూసింది. హర్షవర్ధన్ వెళ్ళి డ్యూటీలో ఉన్న డాక్టర్ హాలొరన్‌ను వెంటపెట్టుకొచ్చాడు. "మా అమ్మ చాలా టెన్షన్ పడుతోంది డాక్టర్, ఆరులోపు అయిపోతే బెటర్" అన్నాడు. ఆ డాక్టరుకు ఆరున్నరకు కూతురి బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఉంది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు అయింది ఆయనకు. సరే, ఆరులోపు చేసేద్దాం అని, అప్పటిదాకా సన్నగా ఎక్కుతున్న నొప్పులు పెంచే మందు డ్రిప్పును ఎక్కువ చెయ్యమని నర్సుకు చెప్పాడు. అవసరం లేదని నాగమణి అంది. కుటుంబం కోరుతోంది కదా అని ఆయన భుజాలెగరేసి వెళ్ళిపోయాడు.

అయిదూ ముప్ఫై ఎనిమిదికి బిడ్డ గుండె చప్పుడు పడిపోయింది. నాగమణి డ్రిప్పు ఆపించి, ప్రణీతను పక్కకు తిప్పి, డాక్టరుకు ఫోను చేసింది. మళ్ళీ చేసింది. మూడోసారి చేసింది. ఆయన అప్పటికే కారెక్కాడు. ఎక్కడి నుంచి వెనక్కి తిప్పాడో గానీ వచ్చేసరికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది. పరుగులు, ఆపరేషను. ఆరూ ఇరవై ఏడుకు బిడ్డ పుట్టాడు. అమావాస్య వచ్చి అప్పటికి పన్నెండు నిమిషాలు. వాణ్ణి తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో పెట్టారు. ప్రణీతకు రెండు సీసాల రక్తం ఎక్కించారు. దేవుడి దయవల్ల ఇద్దరూ బతికి బట్టకట్టారు.

ఆ సాయంత్రం నాగమణి కంప్యూటర్ ముందు కూర్చుని కేసు వివరాలు రాసింది. ఇక్కడే చెయ్యకూడని తప్పు చేసింది. అమావాస్య ముందు పుట్టాలని కుటుంబం అడిగినందువల్ల మందు పెంచారు, నేను వద్దన్నాను అని టైపు చేసింది. చేసి, ఒకసారి చదువుకుని, చెరిపేసింది. రేపు పొద్దున ఈ తెల్లవాళ్ళు కాఫీ మెషీను దగ్గర నిలబడి ఈ వాక్యం చదువుకుని నవ్వుకుంటారనిపించింది. మనవాళ్ళ పరువేం కాను అనుకుంది. డాక్టరు ఆదేశం ప్రకారం మందు పెంచడమైనది అని మాత్రం రాసింది. వెనక మంత్రసాని అని పిలిచే జనం పరువు కోసం, తన మెడకు తానే తాడు పేనింది.

రెండు వారాల తర్వాత మొదటి ఉత్తరం వచ్చింది. ప్రసవం నెమ్మదిగా సాగుతోందని మిడ్‌వైఫ్ చెప్పినందువల్లే మందు పెంచానని హాలొరన్ రాసిచ్చాడు. ప్రమాదాన్ని గుర్తించడంలో మిడ్‌వైఫ్ ఆలస్యం చేసిందని కూడా చేర్చాడు. విచారణ అయ్యేదాకా ఆస్పత్రిలో ఆవిడ పురుళ్ళు పొయ్యకూడదు. విచారణలో తప్పు తేలితే ఆ అనుమతి శాశ్వతంగా పోతుంది. ఒకచోట పోతే ఇంకెక్కడా ఇవ్వరు. నాగమణికి యాభై ఒకటి నిండాయి. ఈ పని తప్ప వేరే పని మీద ఆవిడకు ఇష్టం లేదు.

తనతో అయిదేళ్ళు కలిసి పనిచేసిన మనిషి అంత నున్నగా అబద్ధం ఆడాడంటే ఒళ్ళు జలదరించింది. అయినా ఆవిడ బెంబేలు పడలేదు. సంఘం ఉంది కదా అనుకుంది.

ఆ సంఘం పేరు ఫస్ట్ హ్యాండ్స్ మిడ్‌వైవ్స్ గిల్డ్. చదువు పూర్తయిన నెలలోనే నాగమణి అందులో చేరింది. పధ్నాలుగేళ్ళలో ఒక్క సమావేశం ఎగ్గొట్టలేదు. కొత్త పిల్లలకు శిక్షణ ఇచ్చింది. గర్భిణుల కరపత్రాలు తెలుగులోకి రాసిపెట్టింది. పిక్నిక్‌కి పెద్ద గిన్నెడు పులిహోర చేసి తీసుకెళ్ళింది. గిల్డ్ చేతిపుస్తకంలో తొమ్మిదో పేజీలో పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంది: మన సభ్యురాళ్ళెవరూ విచారణకు ఒంటరిగా కూర్చోరు. ఆస్పత్రి నిబంధనల్లో కూడా పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోవచ్చని ఉంది. ఆ రెండో కుర్చీలో తోటి మిడ్‌వైఫ్ ఉంటే, నొప్పుల మీద మందు పెంచడం ఎందుకు తప్పో ఆ పని తెలిసిన నోటితో చెబుతుంది. నాగమణి అడిగింది అంతే, ఒక్క మనిషిని.

గిల్డ్ అధ్యక్షురాలు మెరెడిత్ ఫోన్లో, "ముందు ఒక్కసారి దీర్ఘంగా ఊపిరి తీసుకో" అంది. రోజూ పది మందికి ఊపిరి తీసుకోవడం నేర్పే మనిషితో ఆ మాట. తర్వాత మనోధైర్యం మీద వెబినార్ లింకు పంపింది. నాగమణి తొమ్మిదో పేజీని ఫోటో తీసి పంపింది. నాలుగు రోజులకు రెండో ఉత్తరం వచ్చింది.

నీ బాధను మేము వింటున్నాం అని మొదలైంది అది. నీ ప్రయాణంలో మా హృదయాలు నీతోనే ఉన్నాయి అని సాగింది. విడి కేసుల్లో పాలుపంచుకునే స్థితిలో గిల్డ్ ప్రస్తుతం లేదు అని తేల్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. రెండో పేరాలో, వార్షిక సభలో ఈ ఏడాది నీకు సేవా పురస్కారం ఇవ్వాలని నిర్ణయించాం, దయచేసి మీ సంప్రదాయ దుస్తుల్లో వచ్చి ప్రాచీన భారతీయ ప్రసవ జ్ఞానం గురించి మూడు నిమిషాలు మాట్లాడాలి అని ఉంది. అడుగున సభకు ప్రధాన దాత పేరు ఉంది. ఆవిడను పనిలోంచి ఆపిన ఆస్పత్రి పేరే అది.

నాగమణి ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. చచ్చిన ఎలకను తోకపట్టి అవతల పారేసినట్టు చెయ్యి దులుపుకుంది. దత్తాత్రేయ కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరమంతా చదివాడు.

"ఇరవయ్యేళ్ళుగా ఉత్తరాలు సార్ట్ చేస్తున్నా. నా మాట విను. ఇది జంక్ మెయిల్."

"చీర కట్టుకుని రావాలిట. గంగిరెద్దుని చేసి ఆడిద్దామనుకుంటున్నారు నన్ను."

"వెళ్ళకు మరి."

"వెళ్తాను. మొహాలు చూడాలి."

చీర కట్టుకోలేదు. డ్యూటీకి వేసుకునే నీలం స్క్రబ్స్‌లోనే, అది కూడా మోకాలి దగ్గర పాత మరక ఉన్న జతలో వెళ్ళింది. హోటలు హాలు నిండా బెలూన్లు, బల్లల మీద కొవ్వొత్తులు. మెరెడిత్ వేదిక మీద నాగమణిని మన అమూల్యమైన సోదరి అని పరిచయం చేసింది. స్క్రబ్స్ చూసి ఆవిడ చిరునవ్వు ఒక్క క్షణం తడబడింది గానీ మళ్ళీ నిలదొక్కుకుంది. నాగమణి పురస్కారంగా ఇవ్వబోయిన గాజు ఫలకాన్ని తీసుకోకుండా మైకు తీసుకుంది.

"వచ్చే మంగళవారం పొద్దున తొమ్మిదింటికి నా విచారణ. పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. మీలో ఎవరొచ్చి కూర్చుంటారు?"

హాలు ఒక్కసారిగా లేచి నిలబడింది. చప్పట్లు ఆగలేదు. చేతులు గాల్లోకి లేచాయి. కొందరు ఏడ్చారు. వేదిక దిగాక వచ్చి కావలించుకున్నారు, సెల్ఫీలు తీసుకున్నారు, నంబర్లు ఇచ్చారు. నలభై నంబర్లు. నాగమణికి ఆ రోజు కాస్త సిగ్గేసింది కూడా, అనవసరంగా అందరినీ ఒకే గాటన కట్టానే అని.

ఆ సిగ్గు మూడు రోజులు కూడా నిలవలేదు. ఒకామెకు పిల్లల్ని చూసుకునే మనిషి దొరకలేదు. ఒకామెకు షిఫ్టు పడింది. ఇంకొకామె, మా డైరెక్టరుకు తెలిస్తే బాగోదు, నువ్వే అర్థం చేసుకోవాలి అని రాసింది. చాలామంది మాటలు కూడా ఖర్చు చెయ్యకుండా ఎర్రగుండె బొమ్మలు పంపారు. సోమవారం సాయంత్రానికి ఫోను నిండా గుండెలే. మనిషి ఒక్కరూ లేరు. నాగమణికి వెలపరం పుట్టింది. ఆస్పత్రిలో కంపు కొడితే కిటికీ తెరవొచ్చు. దీనికి ఏ కిటికీ తెరవాలో తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే ప్రణీత ఫోను చేసింది. సంగతి ఎవరో ఆంటీ ద్వారా ఇప్పుడే తెలిసిందిట.

"ఆంటీ, ఆ రోజు ఏం జరిగిందో హర్ష నాకు ఏమీ చెప్పలేదు. నాకసలు సోయే లేదు కదా. మందు ఎందుకు పెంచారు ఆంటీ?"

"కేసు నడుస్తోందమ్మా. నేను నీతో మాట్లాడకూడదు. ఇంట్లో అడుగు."

ఫోను పెట్టేశాక, అది ఇంట్లో అడుగుతుందనీ, ఆ ఇంట్లో ఎవరూ నిజం చెప్పరనీ నాగమణి అనుకుంది. హర్షవర్ధన్ వీసా ఎక్స్‌టెన్షన్‌లో ఉందని ఆవిడకు తెలుసు. ఆ పేరు చెప్పి వీధిలో కుక్క మొరిగినా తలుపేసుకునే రకం అతను.

మంగళవారం తొమ్మిదికి పదిహేను నిమిషాల ముందు నాగమణి ఆస్పత్రి మూడో అంతస్తులో లిఫ్టు దిగింది. విచారణ గది బయట బెంచీ మీద రాధారాణి కూర్చుని ఉంది. నేత చీర మీద కొడుకు స్వెట్టర్, కాళ్ళకు తెల్ల స్నీకర్స్, ఒళ్ళో ఒక కవరు.

"కోడలు కింద కార్లో ఉంది, బిడ్డతో. ఈ కాగితం మీద సంతకం పెట్టిచ్చింది. కేసు గురించి నేను మాట్లాడొచ్చని."

"ఆ అమ్మాయికి చెప్పారా?"

"నిన్న అడిగింది. వాడు తల దించుకుని లాప్‌టాప్ చూసుకున్నాడు. నేనూ ఊరుకుందామనే అనుకున్నా. రాత్రి అన్నం పెట్టింది నాకు, వేడివేడిగా. పెడుతుంటే చెయ్యి వణికింది, రక్తం ఇంకా పట్టలేదు కదూ. చెప్పేశా."

"ఏమంది?"

"నాతో మాట్లాడలేదు. పొద్దున కారు మాత్రం తీసింది."

లోపల ముగ్గురున్నారు. పెద్దాయన ఫైలు తిరగేస్తూ, గిల్డ్ ప్రతినిధి ఎక్కడ అని అడిగాడు. రాలేదని నాగమణి చెప్పింది. రోగి అత్తగారు వచ్చారంది. కాగితం చూశారు, గుసగుసలాడుకున్నారు, చివరికి కూర్చోమన్నారు. బల్ల మీద ఒక టాబ్లెట్ పెట్టి దుబాసీని పిలిచారు. ఏ ఊరి నుంచో ఒక తెలుగు గొంతు నమస్కారం చెప్పింది. రాధారాణి ఆ గొంతు వైపు కాకుండా ముగ్గురి వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"అమావాస్య రాకముందే బిడ్డ పుట్టాలని తొందరపెట్టింది నేను. ఈ అమ్మాయి వద్దంది. ఒకసారి కాదు, రెండుసార్లు. నా కొడుకు వెళ్ళి డాక్టరుగారిని తీసుకొచ్చాడు. ఆరులోపు చేసేద్దాం అని ఆయన అన్నప్పుడు నేను అక్కడే ఉన్నా. నాకు ఇంగ్లీషు మాట్లాడ్డం రాదు గానీ బాగా అర్థమవుతుంది. ప్రసవం నెమ్మదిగా ఉందని ఈ అమ్మాయి ఆయనతో అననే లేదు. అవసరం లేదు అంది. నా మూఢత్వానికి మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ఆయన అబద్ధాన్ని మాత్రం నమ్మకండి."

దుబాసీ చెప్పడం పూర్తయ్యేసరికి, చివర కూర్చున్నతని పెదవి కొస కాస్త వంకరపోయింది. నవ్వే అది. వచ్చినంత తొందరగా పోయింది. నాగమణి దాన్ని చూసింది. ఇంతేనా అనుకుంది. ఈ వేలెడు నవ్వుకు భయపడా తను ఆ వాక్యం చెరిపింది? పదమూడు వందల పురుళ్ళు ఈ పెదవి వంకరకు తాకట్టు పెట్టిందా? ఆ గదిలో హాలొరన్ మీద, మెరెడిత్ మీద కలిగినదానికన్నా ఎక్కువ ఏవగింపు ఆవిడకు తన మీదే కలిగింది. గొంతు సవరించుకుని, రాసి చెరిపిన వాక్యం గురించి తనే చెప్పింది. వాళ్ళ కంప్యూటరు చెరిపినవి కూడా దాచుకుంటుందిట. వెతికి తీశారు.

బయటికొచ్చాక రాధారాణి బెంచీ మీద కూలబడింది.

"మీ మీద నాకు ఇంకా కోపంగానే ఉంది పిన్నిగారూ" అంది నాగమణి.

"ఉండనీ. నా మీద నాకే రోతగా ఉంది."

నాగమణి ఆవిడ చెయ్యి పట్టుకుని లేపి, లిఫ్టుదాకా నడిపించింది.

ఎనిమిది రోజులకు అనుమతి తిరిగి వచ్చింది. హాలొరన్ సంగతి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. పద్ధతులు మెరుగుపరచుకుంటాం అని మాత్రం ఉంది. ఆయన ఇప్పటికీ కారిడార్లో హాయ్ చెబుతాడు. నాగమణి తిరిగి చెప్పదు.

ఆ శుక్రవారం గిల్డ్ వార్తాలేఖ సభ్యులందరికీ వచ్చింది. మొదటి పేజీలో నాగమణి ఫోటో, మైకు పట్టుకుని. మోకాలి మరక కనబడకుండా నడుముదాకా కత్తిరించారు. కింద శీర్షిక: గిల్డ్ అండతో మన సోదరి విజయం. మన సభ్యురాళ్ళెవరూ ఒంటరిగా కూర్చోరని మరోసారి రుజువైంది అని మెరెడిత్ రాసింది. నాగమణి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి సింకు పట్టుకుని నిలబడింది. ఏళ్ళ తరబడి పక్కవాళ్ళ వాంతులు ఎత్తిన మనిషి ఆ పేజీని రెండోసారి చూడలేకపోయింది. మొహం కడుక్కుని వచ్చి, అందరికీ వెళ్ళేలా జవాబు నొక్కి, రెండే వాక్యాలు రాసింది.

"ఆ రోజు నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి పేరు రాధారాణి. ఆవిడ మిడ్‌వైఫ్ కాదు, మీ గిల్డ్‌లో సభ్యురాలు అంతకన్నా కాదు."

మధ్యాహ్నం నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. గిల్డ్‌కు కాదు, నేరుగా నాగమణికే. మూడేళ్ళ కింద నేనూ ఒంటరిగానే కూర్చున్నాను అని ఒకామె. నా లైసెన్సు పోయింది, ఇప్పుడు పిజ్జా కొట్టు నడుపుతున్నాను అని ఇంకొకామె. నీకు చెయ్యెత్తి రాకుండా పోయినవాళ్ళలో నేనొకదాన్ని, నా మొహం నాకే చూపించుకోలేకపోతున్నాను అని మరొకామె. అయిదింటికల్లా పదకొండు వచ్చాయి. గిల్డ్‌లో ఇంతమంది ఉన్నారని, ఇంతమందీ ఒకరికొకరు తెలియకుండా ఒంటరిగా కూర్చుని వచ్చారని ఆవిడ పధ్నాలుగేళ్ళలో ఎప్పుడూ వినలేదు. చదువుతుంటే కోపం తగ్గలేదు సరికదా, పెరిగింది.

పన్నెండో ఉత్తరం రాష్ట్రం దక్షిణాన ఎక్కడో పనిచేసే టెరీసా అనే పిల్లది. చదువు పూర్తయి ఏడాది కూడా కాలేదుట. నా విచారణ వచ్చే గురువారం, గిల్డ్ నాకు ఊపిరి తీసుకోమని చెప్పింది, ఏం చెయ్యాలో తెలియడం లేదు అని రాసింది.

దత్తాత్రేయ టీ తెచ్చి పక్కన పెట్టాడు. తెర మీదికి వంగి చదివి, "అక్కడికి రెండు గంటల డ్రైవింగ్. గురువారం నీకు డ్యూటీ ఉంది" అన్నాడు.

"మార్పించుకుంటా" అంది నాగమణి. టీ ముట్టుకోకుండా జవాబు కొట్టింది.

"ఎన్ని గంటలకు? ఏ గేటు దగ్గర దిగాలి?"